నాష్‌విల్‌లో సగం రోజే ఉంటే: సెంటెనియల్ పార్కా, బైసెంటెనియల్ మాలా?

అట్లాంటా నుంచి వారాంతానికి కారేసుకొచ్చే చుట్టాలంతా నన్నడిగేది ఒకటే. "గణేశుడి గుడిలో దణ్ణం పెట్టుకున్నాక ఇంకో సగం రోజు మిగులుతుంది. పెద్దవాళ్ళున్నారు, పిల్లలున్నారు. ఏ పార్కుకి వెళ్దాం?" ఫొటోలు చూసి చాలామంది అప్పటికే సెంటెనియల్ పార్కులోని పార్థెనాన్‌కి (గ్రీకు గుడి నమూనా) ఫిక్సయిపోయి ఉంటారు. తెనాలి నుంచి మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు రెండు పార్కులూ ఒకే రోజు తిప్పాను కాబట్టి, ఇక నుంచి అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తాను.

సెంటెనియల్ పార్కు పుట్టింది నాష్‌విల్ రాజధానిగా ఉన్న టెనెసీ రాష్ట్రానికి నూరేళ్ళు నిండిన సందర్భంలో. రాష్ట్రమైంది 1796లో, అంటే పండగ 1896లో జరగాలి. పనులు తెమలక 1897లో చేశారు (ఈ విషయం విన్నాక ఈ ఊరి మీద నాకు అభిమానం పెరిగింది). ఆ ఎగ్జిబిషన్ కోసం ఏథెన్స్‌లోని పార్థెనాన్‌ని అదే కొలతలతో కట్టారు. తాత్కాలికంగానే కట్టినా, పడగొట్టడానికి జనానికి మనసొప్పలేదు. 1920ల్లో కాంక్రీటుతో మళ్ళీ కట్టుకున్నారు. లోపల 42 అడుగుల ఎథీనా దేవత విగ్రహం, దుస్తులకి బంగారు పూత. లోపలికి టికెట్టుంది, కొనదగ్గదే. బయట చెరువు, బాతులు, పెద్ద పెద్ద చెట్లు. పులిహోర డబ్బా మూత తియ్యడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో దొరకదు.

మామగారు పార్థెనాన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బ్రహ్మాండంగా ఉందమ్మా. గ్రీకుల గుడి వీళ్ళకెందుకు?" అన్నారు. నాష్‌విల్‌ని అమెరికా దక్షిణాది ఏథెన్స్ అనేవాళ్ళని చెప్పాను. "సరే, మరి వీళ్ళదేదీ?"

నా మటుకు నాకు అక్కడే తేలిపోయింది. కొత్త ఊరొచ్చి చూడాల్సింది ఆ ఊరి సంగతి కదా. అందుకే నా ఓటు రెండోదానికి.

బైసెంటెనియల్ మాల్ (షాపింగ్ మాల్ కాదు, పార్కే) క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, ఉన్న గుట్టకి ఉత్తరాన, పల్లంలో ఉంటుంది. మిగతా మూడు వైపులా భవనాలు లేచి క్యాపిటల్‌ని మూసేశాయి. ఈ ఒక్క వైపైనా కనబడాలని 1996లో, రెండొందల ఏళ్ళ పండక్కి, దీన్ని తెరిచారు. టికెట్టు లేదు. మొదట కాళ్ళ కిందే 200 అడుగుల గ్రానైట్ రాష్ట్ర పటం. ఆ పటం మీద మెంఫిస్ నుంచి నాక్స్‌విల్ దాకా మా అత్తగారు మోకాళ్ళ నొప్పితోనే నడిచేశారు. పక్కన 31 ఫౌంటెన్లు, రాష్ట్రంలోని నదుల గుర్తుగా. పిల్లలకి నదులతో పనిలేదు, తడవడమే పని. ఇంకో జత బట్టలు పెట్టుకోండి.

అసలైనది 1400 అడుగుల చరిత్ర గోడ. పదేళ్ళకో రాతి స్తంభం చొప్పున, నడుస్తుంటే ఏళ్ళు దాటుతూ ఉంటాయి. అంతర్యుద్ధం దగ్గరికి వచ్చేసరికి గోడ విరిగి ఉంటుంది. రాష్ట్రం నిలువునా చీలిన కాలం కాబట్టి కట్టినవాళ్ళే దాన్నలా విరిచి వదిలారు. అంతసేపూ బోర్డులన్నీ పైకి చదువుతూ వచ్చిన మామగారు అక్కడ ఆగిపోయారు. కాసేపటికి, "మనమూ ఇలాంటి గోడ కడితే ఎక్కడెక్కడ విరగ్గొట్టాలో!" అన్నారు. కారెక్కాక కూడా అదే మాట. ఎథీనా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

దీనికో లోపముంది: నీడ తక్కువ. జులై మిట్టమధ్యాహ్నం ఆ గ్రానైట్ మీద నిలబడితే పెనం మీద అట్టే. ఎండాకాలం పగలు తప్ప వేరే టైము లేకపోతే నేను కూడా సెంటెనియల్ పార్కుకే పొమ్మంటాను. లేదా రాష్ట్ర మ్యూజియంలో దూరండి, 2018 నుంచి ఈ మాల్ పక్కనే ఉంది, అదీ ఉచితమే. ఆకలేస్తే ఫార్మర్స్ మార్కెట్ ఆనుకునే ఉంది.

నది ఒడ్డున ఫోర్ట్ నాష్‌బరో అని కొయ్య కోట ఒకటుంది, నమూనాయే. బ్రాడ్‌వే వైపు ఎలాగూ వెళ్తే పావుగంట చూడండి, దానికోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు.

మాల్‌కి వెళ్తే మాత్రం గంట నిండే వేళకి ఉత్తరపు కొసన ఉండండి. అక్కడ రాష్ట్రంలోని 95 కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) గుర్తుగా 95 మోగే గంటలున్నాయి. అవి మోగాక, క్యాపిటల్ గుట్ట మీదున్న తొంభై ఆరోది బదులు పలుకుతుంది. జనం అడిగితే ప్రభుత్వం జవాబు చెప్పాలని దాని అర్థమట. మామగారు ఇంకో గంట ఆగి మళ్ళీ విందామన్నారు, ఆగాం.