నల్లగొండలో సాంప్లర్ బొంత తరగతి: పది ఆదివారాల తరువాత

నల్లగొండలోని ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో ఆదివారాలు జరిగే సాంప్లర్ బొంత (రకరకాల నమూనా ముక్కలు కలిపి కుట్టే బొంత) తరగతి ఈ మధ్యనే పూర్తి చేశాను. రుసుము 3,500 రూపాయలు. బట్ట, దూది పొర, దారం అందులోనే ఇచ్చారు. తొమ్మిది వారాలు వారానికొక బ్లాకు (చిన్న ముక్కలు అతికిన చదరం) కుట్టించి, పదో వారం వాటిని కలిపి 36 అంగుళాల చదరపు బొంతగా ముగిస్తారు. ఒక్కో బ్లాకు ఒక్కో కొత్త పనితనాన్ని నేర్పేలా వరుస పెట్టారు కాబట్టి, చిన్న ముక్క మీద తప్పు చేసి, విప్పి, మళ్లీ కుట్టుకునే వీలుంది. పెద్ద బొంతతో మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారికి ఈ పద్ధతి విలువ వెంటనే తెలుస్తుంది.

మొదటి బ్లాకు చూడటానికి అతి సులువైనది: నాలుగున్నర అంగుళాల చదరపు ముక్కలు తొమ్మిది, మూడు వరుసలు. పావు అంగుళం మార్జిన్‌తో (కుట్టు బయట వదిలే అంచుతో) కుడితే బ్లాకు 12½ అంగుళాలు రావాలి. పదిహేనేళ్లుగా జాకెట్లు కుడుతున్న నాకు అది 12¼ వచ్చింది. నేర్పే మేడమ్ టేపు పెట్టి చూసి, "అమ్మా, ఒక్కో కుట్టుకు రెండు వైపులా కొంచెం ఎక్కువ పోతోంది, అంతే" అన్నారు. తరువాత సూది నుంచి సరిగ్గా పావు అంగుళం కొలిచి, మిషన్ పలక మీద పాత పెళ్లిపత్రిక అట్టముక్కను టేపుతో అంటించారు. బట్ట అంచును ఆ అట్టకు ఆనించి కుట్టిన రెండో బ్లాకు కొలతకు సరిగ్గా వచ్చింది. మిషన్ ఫుట్ (బట్టను నొక్కిపట్టే పాదం) అంచే పావు అంగుళమని ఇన్నేళ్లుగా నమ్మిన నాకు ఆ అట్టముక్క ఒక్కటే రుసుములో సగానికి సమానం.

త్రికోణాల బ్లాకును నేర్పిన తీరు మరీ నచ్చింది. రెండు రంగుల చదరాలను మంచి వైపులు లోపలికి వచ్చేలా ఒకదానిపై ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టి, ఆ తరువాతే గీత మీద కోస్తే రెండు జంటరంగుల చదరాలు ఒకేసారి వస్తాయి. ముందే కోస్తే పొడవాటి అంచు క్రాస్ మీద (నేతకు ఏటవాలుగా) పడి, చేయి తగిలితే చాలు సాగుతుంది. పైపింగ్‌కు మనం ఏరికోరి వాడే ఆ సాగే గుణమే ఇక్కడ బ్లాకును వంకర చేస్తుంది. ఇస్త్రీ పెట్టెను కూడా బట్ట మీద జరపకుండా, పెట్టి ఎత్తమనే చెప్పారు. మార్జిన్లను ఒక వరుసలో కుడికీ, పై వరుసలో ఎడమకూ మడిచి ఇస్త్రీ చేస్తే, అతుకులు ఒకదానిలో ఒకటి కూర్చుని మూలలు కలుస్తాయి. ఈ మాట ఒక్కో వారం మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ అవసరమే పడింది.

లాగ్ క్యాబిన్ (దుంగల ఇల్లు) బ్లాకు అమెరికాలో పేరు పొందిన పాత పద్ధతి. మధ్యలోని ఎర్ర ముక్కను ఇంటి పొయ్యిలో నిప్పుకు గుర్తుగా చెబుతారు. దాని చుట్టూ పట్టీలు చేరుస్తూ ఒక పక్క లేత రంగులు, మరో పక్క ముదురు రంగులు వేస్తాం.

ఇచ్చిన బట్ట మాత్రం నాకు తృప్తినివ్వలేదు. అందులో సగం పాలిస్టర్ కలిసినదే. ఇస్త్రీ మడత నిలవదు, అతుకు ఉబ్బుతుంది. నాలుగో వారం నుంచి నేను కొయ్యలగూడెం నూలు ఇక్కత్ దుప్పట్ల ముక్కలు ఇంటి నుంచి తెచ్చుకున్నాను. నూలుకే రంగు అద్ది నేస్తారు కనుక ఇక్కత్‌కు తిరగా బోర్లా తేడా పెద్దగా ఉండదు, ముక్క తిప్పి కుట్టినా డిజైను చెడదు. అయితే ఆ నేత కొంచెం వదులు. కోయడానికి ముందు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయకపోతే అంచు పోగులు ఊడతాయి. ఎరుపును విడిగా, నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా ఉతకాలి.

అసలు ఫిర్యాదు పదో ఆదివారం గురించి. బ్లాకులు కలపడం, దూది పొర పరవడం, మూడు పొరలను కలిపి కుట్టడం, అంచు పట్టీ వేయడం అన్నీ ఒక్క పూటలో కుక్కారు. పదకొండు మందికి కోసే పలకలు రెండే. మా ఇళ్లలో పాత చీరల బొంత కుట్టే పెద్దవాళ్లు పొరలు కదలకుండా ముందు వదులు కుట్లు వేసి, నడిమి నుంచి బయటికి కుట్టుకుంటూ పోతారు. ఆ ఓపిక పనికే ఇక్కడ సమయం దొరకలేదు. నా బొంత వెనుక వైపు రెండు చోట్ల ముడత పడింది, విప్పి చేతితో మళ్లీ కుడుతున్నాను.

మిషన్ మీద తిన్నగా కుట్టడం వచ్చినవారు నిస్సంకోచంగా చేరవచ్చు. పూర్తిగా కొత్తవారు ముందు ఒక నెల మామూలు కుట్టు నేర్చుకుని రావడం మంచిది. బట్ట మేమే తెచ్చుకుంటామని, ముగింపు పనికి ఇంకొక ఆదివారం కావాలని చేరే రోజునే అడగండి. మా బ్యాచ్ అడిగిన తరువాత రాబోయే తరగతిని పదకొండు వారాలు చేస్తామని చెప్పారు.