ఒరిజినల్ పెయింటింగ్ పంపడానికి పైపా, అట్టపెట్టా, ప్లైవుడ్ పెట్టా? ఎనిమిదేళ్ల వాడకం తర్వాత సమీక్ష

హైదరాబాద్ స్టూడియో నుంచి బొమ్మలను కొన్నవాళ్ల ఇళ్లకు చేర్చడానికి ఎనిమిదేళ్లుగా మూడు పద్ధతులు వాడుతున్నాం. ఒకటి కాన్వాస్‌ను చుట్టి పైపులో పంపడం, రెండోది ఫ్రేమ్‌తో సహా అట్టపెట్టెలో పెట్టడం, మూడోది ప్లైవుడ్ పెట్టె కట్టించడం. విజయవాడ, విశాఖ, బెంగళూరుకు రోడ్డు మీద వెళ్తాయి, డల్లాస్, లండన్‌లకు విమానంలో. ఏది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ దెబ్బతీసిందో కింద రాస్తున్నాం. చాలామంది డబ్బంతా బయటి పెట్టె మీదే పెడతారు. మా అనుభవంలో మాత్రం పెట్టె విరిగి పాడైన బొమ్మలు తక్కువ. రంగుకు ఆనుకున్న మొదటి పొర సరిగ్గా లేక పాడైనవే ఎక్కువ. అందుకే ముందు దాని సంగతి.

రంగును తాకే పొర

బబుల్ ర్యాప్‌ను నేరుగా బొమ్మ మీద చుట్టకూడదు. అక్రిలిక్ రంగు ఎండిపోయాక కూడా ప్లాస్టిక్ పొరే కాబట్టి వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మూసిన లారీ కంటైనర్ మధ్యాహ్నమంతా ఎండలో నిలబడితే లోపలి వేడి బయటికంటే చాలా ఎక్కువ. ఆ వేడిలో బుడగలు రంగు మీద ఒత్తుకుని గుండ్రటి అచ్చులు పడతాయి. నిగనిగలాడే వార్నిష్ వేసిన బొమ్మ మీదైతే అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, తుడిస్తే పోవు. మామూలు పాలిథీన్ షీటుకూ ఇదే గుణం ఉంది, అంటుకుపోతుంది. న్యూస్‌పేపర్ సిరా దిగుతుంది కనుక దాని ఊసే వద్దు.

ఫ్రేమ్ షాపుల్లో దొరికే గ్లాసిన్ కాగితం, అంటే నున్నటి బటర్ పేపర్ లాంటిది, బాగా ఆరిన నూనె రంగులకూ నీటి రంగులకూ సరిపోతుంది. అక్రిలిక్‌తోనే చిక్కు. వానాకాలంలో, అందులోనూ కోస్తా తేమలో, గ్లాసిన్ చెమ్మ పీల్చి రంగుకు అతుక్కోవచ్చు. అందుకే అక్రిలిక్ బొమ్మలన్నిటికీ సిలికాన్ పూత ఉన్న రిలీజ్ పేపర్‌కు మారిపోయాం, ఇప్పటిదాకా ఒక్కటి కూడా అంటుకోలేదు. కొన్ని రకాలకు ఒకవైపే పూత ఉంటుంది. ఆ వైపే రంగుకు ఆనాలి, తిరగేస్తే ప్రయోజనం లేదు. చిన్న బొమ్మలకు వంటింట్లో కేకులకు వాడే బేకింగ్ పేపర్ పనిచేస్తుంది కానీ వెడల్పు తక్కువ. రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి వచ్చినచోట రంగు మీద గీత పడుతుంది.

ఆ కాగితాన్ని వెనకవైపు మడిచి, టేపు చెక్కకే అంటించాలి. కాన్వాస్‌కు టేపు తగలనివ్వొద్దు. బబుల్ ర్యాప్ దాని పైన రావాలి, అప్పుడు కూడా బుడగలు బయటికి చూడాలి.

ఆరడం గురించి

నూనె రంగు నీరు ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేది. వేలితో తాకితే అంటకపోవడం వేరు, లోపలిదాకా ఆరడం వేరు. అంబర్ అనే గోధుమ రంగు త్వరగా గట్టిపడుతుంది, ఐవరీ బ్లాక్ అనే నలుపు ఆలస్యం చేస్తుంది. ఒకే బొమ్మలో రెండూ ఉంటే నల్లటి భాగాన్ని చూసే నిర్ణయించాలి. సాధారణ మందం ఉన్న నూనె బొమ్మకు చివరి వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత వేయడం పాత పద్ధతి. కొన్నవాళ్లు తొందరపడితే వార్నిష్ లేకుండానే ఫ్రేమ్‌తో పంపి, ఏడాది తర్వాత వేయించుకోమని కాగితం మీద రాసి ఇస్తాం. పచ్చి బొమ్మను చుట్టి పంపమంటే మాత్రం ఒప్పుకోం.

పైపు

బాగా ఆరిన, పలచగా వేసిన అక్రిలిక్ కాన్వాస్‌కు పైపు మించినది లేదు. అట్ట ట్యూబులు రెండేళ్లు వాడి మానేశాం. మీద బరువు పడితే నలుగుతాయి, వానకు మెత్తబడతాయి. ఇప్పుడు వాడుతున్నది ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ పైపులే, ఒకటి 110 మి.మీ., ఇంకోటి 160 మి.మీ. కాన్వాస్‌ను చిన్న పైపు మీద చుట్టి, దాన్ని పెద్ద పైపులోకి దించుతాం. రెంటి మధ్య చుట్టూ రెండు సెంటీమీటర్ల సందు ఉంటుంది. కాన్వాస్ చుట్లు, పైన పలచటి ఫోమ్ అందులో ఇమిడిపోతాయి. చాలామంది చేసే తప్పు, కాన్వాస్‌ను విడిగా చుట్టి ఒకే పైపులోకి తోయడం. అది లోపల వదులై పైపు గోడకు రాసుకుంటుంది. బయటికి తీసేటప్పుడు అంచు పట్టి లాగడం తప్ప దారి ఉండదు, అంచు చినిగేది అప్పుడే.

చుట్టేటప్పుడు రంగు బయటివైపు ఉండాలి. లోపలివైపు దాచితే భద్రమని అందరికీ అనిపిస్తుంది. కానీ రంగు లోపలికి ఉంటే పొర నొక్కుకుపోయి ముడతలు పడుతుంది, ఆ ముడతల దగ్గరే పెచ్చు లేస్తుంది. బయటికి ఉంటే కొంచెం సాగుతుంది, మళ్లీ పరిచినప్పుడు తన చోటికి సర్దుకుంటుంది. పైపు ఎంత లావైతే రంగుకు అంత సుఖం. 110 మి.మీ. కంటే సన్నటిది వాడొద్దు. కత్తితో మందంగా వేసిన బొమ్మల్ని ఏ పైపు మీదా చుట్టొద్దు. ఏళ్ల క్రితం వేసిన నూనె బొమ్మలూ అంతే, అవి పెళుసుబారి ఉంటాయి.

36×48 అంగుళాల బొమ్మ లెక్క చూడండి. మళ్లీ ఫ్రేమ్‌కు బిగించడానికి నాలుగు వైపులా కనీసం 3 అంగుళాల ఖాళీ కాన్వాస్ వదలాలి. ఒకటిన్నర అంగుళం ఫ్రేమ్ మందానికి పోతుంది, మిగతా ఒకటిన్నర వెనక పిన్నులు కొట్టడానికి. 36 అంగుళాల వైపు పైపు వెంట వచ్చేలా చుడితే వెడల్పు 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెం.మీ. లోపలి పైపు రెండు వైపులా కాన్వాస్ కంటే రెండేసి సెంటీమీటర్లు పొడుగ్గా ఉండాలి. దాని రెండు కొసలకూ ఫోమ్ రింగులు తొడిగితే కాన్వాస్ బయటి పైపుకు తగలకుండా మధ్యలో నిలబడుతుంది. మూతలు బిగించి టేపు వేశాక మొత్తాన్ని నలుచదరపు అట్టపెట్టెలో పెట్టాలి. గుండ్రటి పార్సిల్ గోదాములో దొర్లుకుంటూ పోయి ఏ మూలో ఆగుతుంది.

పైపుతో ఉన్న చిక్కు అవతలి కొసన వస్తుంది. కొన్నవాళ్లు అక్కడ ఫ్రేమ్ షాపు వెతుక్కుని మళ్లీ బిగించుకోవాలి. ఇక్కడ తేలికే, అమెరికాలో ఆ ఖర్చు పంపిన ఛార్జీకి దగ్గరగా వెళ్లొచ్చు. బేరం కుదిరేటప్పుడే చెప్పకపోతే తర్వాత మాట పడాల్సి వస్తుంది. చలి ఇంకో ప్రమాదం. సున్నా డిగ్రీల దగ్గర అక్రిలిక్ పెళుసుగా మారుతుంది. జనవరిలో గుమ్మం ముందు పడి ఉన్న పైపును లోపలికి తెచ్చి అప్పటికప్పుడు విప్పితే రంగు పగులుతుంది. మూత తీయకుండా ఒక రోజు గది వేడికి ఉంచాలి. ఈ మాట పెట్టె మీద, మూత మీద, రెండు చోట్లా రాస్తాం.

అట్టపెట్టె

24×30 అంగుళాల లోపు బొమ్మలకు, రాష్ట్రాల లోపలి ప్రయాణాలకు ఇది చాలు. ఐదు పొరల అట్ట తీసుకోండి. ముందూ వెనకా రెండేసి షీట్లు పెడితే, ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా రావాలి. ఒకే దిశలో పెడితే రెండూ కలిసి ఒకేచోట విరుగుతాయి. నాలుగు మూలలకూ ఫోమ్ తొడుగులు వేస్తే బొమ్మ ముఖానికీ అట్టకూ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే రక్షణ. థర్మోకోల్ ముక్కలు మొదటి దెబ్బకే విరిగి పొడి రాలుస్తాయి, ఈపీఈ ఫోమ్ (మెత్తటి పాలిథీన్ ఫోమ్) నొక్కుకుని మళ్లీ లేస్తుంది.

అట్టకు వాన శత్రువు. అందుకే కాగితం చుట్టాక, ఫోమ్ పెట్టేముందు ఒక పాలిథీన్ సంచీ, అందులో సిలికా జెల్ పొట్లాలు తప్పకుండా వేస్తాం. కాగితం మీద వేసిన బొమ్మలైతే, చుట్టూ రెండేసి అంగుళాలు పెద్దవైన రెండు హార్డ్‌బోర్డుల మధ్య పెట్టి, మూలలను కాగితపు త్రికోణాల్లోకి దూర్చండి. బొమ్మకు టేపు అంటించొద్దు.

అద్దం ఉన్న ఫ్రేమ్‌లను ఎంత కట్టినా భయమే. పంపక తప్పకపోతే అద్దం మీద మాస్కింగ్ టేపు గళ్లుగా అంటిస్తాం. పగిలినా ముక్కలు బొమ్మ మీద పడవు. అద్దానికి బదులు అక్రిలిక్ షీటు వేస్తే అంత తేలిగ్గా పగలదు కానీ టేపు అంటించకూడదు, గీతలు పడతాయి. పాస్టెల్, బొగ్గు బొమ్మల మీద అక్రిలిక్ షీటు అసలు వద్దు. దాని స్థిర విద్యుత్తు పొడిని లాగేసుకుంటుంది.

ప్లైవుడ్ పెట్టె

మందపు రంగు, పెద్ద సైజు, విమానం: ఈ మూడింటిలో రెండున్నా ప్లైవుడ్ పెట్టెకే వెళ్లండి. 6 మి.మీ. ప్లై, చుట్టూ రీపర్ల (సన్నటి చెక్క పట్టీల) చట్రం, లోపల అన్ని వైపులా 5 సెం.మీ. ఫోమ్. మూతకు మేకులు కొట్టొద్దు, స్క్రూలే వాడాలి. సుత్తి దెబ్బ అదురు నేరుగా రంగు పొరకు చేరుతుంది, పైగా విప్పేవాళ్లు గునపం తెస్తారు. ఏ వైపు మూతో, ఏ స్క్రూలు విప్పాలో బాణం గుర్తులతో రాయండి.

కాన్వాస్ వెనక ఫ్రేమ్‌కు పలచటి ఫ్లూట్ బోర్డు (లోపల గొట్టాల్లాంటి గాడులున్న ప్లాస్టిక్ షీటు) బిగించడం చిన్న పనే, ఇచ్చే రక్షణ మాత్రం పెద్దది. వెనక నుంచి ఏదీ గుచ్చుకోదు, దారి పొడవునా కాన్వాస్ డోలులా అదరడం తగ్గుతుంది. ఫ్రేమ్ మూలల్లో బిగువు కోసం కొట్టే చెక్క చీలలుంటే వాటికి టేపు వేయాలి. ఊడిన చీల కాన్వాస్‌కూ చెక్కకూ మధ్య దూరి ముందువైపు బుడిపెలా పొడుచుకొస్తుంది.

విదేశాలకు వెళ్లే పెట్టెలో ఎక్కువమంది చూసుకోనిది రీపర్ల సంగతి. చెక్క ప్యాకింగ్‌తో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ఐఎస్‌పీఎం 15 నిబంధన ప్రకారం 6 మి.మీ. కంటే మందమైన ముడి చెక్కను శుద్ధి చేసి ఉండాలి. వేడి పద్ధతిలో అయితే చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీలు 30 నిమిషాలు తగలాలి, గోధుమ కంకి గుర్తుతో హెచ్‌టీ (హీట్ ట్రీటెడ్) ముద్ర పడాలి. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు. అందుకే పెట్టె ప్లైదే అయినా చుట్టూ ముద్ర లేని రీపర్లు కొడితే రేవులో ఆగిపోతుంది. మేం రీపర్లకు బదులు 18 మి.మీ. ప్లై పట్టీలు కోయిస్తున్నాం.

ఛార్జీ

విమాన కొరియర్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు కడతాయి. అసలు బరువు, ఈ బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పైన చెప్పిన 36×48 బొమ్మ ప్లై పెట్టె బయటి కొలత సుమారు 106×137×15. లెక్క వేస్తే 43.6 కిలోలు, తూచితే 20 దగ్గరే. అదే బొమ్మ పైపులో 116×18×18, అంటే 7.5 కిలోలు. పెట్టె లోతు ఒక్క సెంటీమీటరు తగ్గిస్తే దాదాపు మూడు కిలోల ఛార్జీ తగ్గుతుంది. వడ్రంగికి కొలత ఇచ్చే ముందే ఈ లెక్క వేసుకోండి.

లారీ రసీదు మీద ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంటే నష్టం మీదే అన్నమాట. సంతకం పెట్టేముందు చదవండి. బీమా విడిగా తీసుకుంటే పాలసీలో పెయింటింగ్‌లను మినహాయించారేమో చూడండి. క్లెయిమ్‌కు పనికొచ్చేవి ఫోటోలే: ముందు, వెనక, నాలుగు మూలలు, పక్క నుంచి లైటు వేసి తీసినది ఒకటి, తర్వాత ప్యాకింగ్‌లో ప్రతి పొరకూ ఒకటి.

కాగితాలు

బొమ్మతో పాటు శీర్షిక, ఏడాది, మాధ్యమం, కొలత, సంతకం ఎక్కడుందో రాసిన ధ్రువపత్రం ఇవ్వాలి. కొలతలో ఎత్తు ముందు రాయడం ఆనవాయితీ. బొమ్మ కొంటే కాపీరైట్ రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఇస్తేనే అది చేతులు మారుతుంది. క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద వేసుకోవచ్చని అనుకునేవాళ్లున్నారు కాబట్టి ధ్రువపత్రంలోనే ఒక వాక్యం పెడతాం. అదే చట్టంలోని 53ఏ సెక్షన్ ప్రకారం తిరిగి అమ్మిన ధర 10,000 రూపాయలు దాటితే చిత్రకారుడికి అందులో వాటా హక్కు ఉంది, 10 శాతం మించకుండా. ఈ సంగతి చిత్రకారుల్లోనే చాలామందికి తెలియదు.

చేతితో వేసిన బొమ్మలకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. జీఎస్టీ నమోదున్న స్టూడియో 50,000 రూపాయలు దాటిన సరుకు పంపితే ఈ-వే బిల్లు కావాలి. ఎగుమతి ఇన్వాయిస్ మీద కొత్త పెయింటింగ్‌కు కోడ్ 9701.91 అని, చేతితో వేసినదని స్పష్టంగా రాయండి. ‘డెకరేషన్ ఐటమ్’ అని రాస్తే వేరే పన్ను పడుతుంది. ఇంట్లో ఉన్న పాత బొమ్మ పంపాలనుకుంటే ఆగండి. 1972 పురావస్తువుల, కళా సంపద చట్టం కింద నూరేళ్లు దాటినవి పురావస్తువులు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, నందలాల్ బోస్ సహా తొమ్మిదిమంది చిత్రకారుల బొమ్మలు జాతీయ కళా సంపద. ఇవేవీ ప్రైవేటుగా దేశం దాటించడానికి లేదు.

అందుకున్నాక

పెట్టె నలిగి ఉంటే డెలివరీ కాగితం మీద ఆ మాట రాశాకే సంతకం పెట్టండి. విప్పేది మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి, ప్యాకింగ్ పారేయకండి. చుట్టి వచ్చిన కాన్వాస్‌ను రంగు పైకి ఉండేలా శుభ్రమైన బల్ల మీద ఒక రోజు పరిచి ఉంచితే వంపు చాలావరకు పోతుంది. ఇస్త్రీ పెట్టొద్దు. ఫ్రేమ్‌కు బిగించేటప్పుడు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ పోవాలి. మూలల మడత ఆఖర్న. నూనె బొమ్మ నెలల తరబడి చీకటి పెట్టెలో ఉండి తెలుపు పసుపుబారినట్టు కనిపిస్తే కంగారు పడకండి. అవిసె నూనె చీకట్లో పచ్చబడుతుంది. నేరుగా ఎండ తగలని వెలుతురులో కొన్ని వారాలు ఉంచితే చాలావరకు విరుగుతుంది.