లైకెన్ శిలీంధ్రాల వర్గీకరణ: రూపమా, రసాయనమా, డీఎన్‌ఏనా – ఏది మేలు?

లైకెన్ ఒక్క జీవి కాదనీ, శిలీంధ్రమూ శైవలమూ కలిసి ఉండే ఏర్పాటనీ స్విస్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1860లలో చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. అంటే వర్గీకరించవలసింది శిలీంధ్రాన్ని, కంటికి కనిపించేది మాత్రం ఇద్దరూ కలిసి కట్టుకున్న ఇల్లు. ఏ పద్ధతి మేలో తేల్చేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు.

అన్నిటికంటే పాతది రూపాన్ని చూసే పద్ధతి. థాలస్ (లైకెన్ శరీరం) పొరలా అంటుకుని ఉందా, ఆకులా విచ్చుకుందా, పొదలా నిలిచిందా, సిద్ధబీజాలు పుట్టే ఫలనాంగం ఏ తీరున ఉంది, సిద్ధబీజంలో ఎన్ని గదులున్నాయి అన్నవి ఇందులో ఆధారాలు. ఒక చేతి భూతద్దం, ఒక బ్లేడు, ఒక సూక్ష్మదర్శిని ఉంటే పని నడుస్తుంది. అయితే రూపం మోసం చేయగలదు. కాడ మీద పొడిలాంటి సిద్ధబీజాల ముద్దను మోసే గుండుసూది లైకెన్లన్నిటినీ ఒకే క్రమంలో (ఆర్డర్‌లో) చేర్చిన రోజులున్నాయి. ఆ పోలిక వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందనీ, వాటిలో కాలీసియం అనే ప్రజాతికి దగ్గరి చుట్టం ఆకు రూపంలో ఉండే ఫిసియా అనీ డీఎన్‌ఏ చూపింది. ఇంతకంటే విచిత్రమైనది స్టిక్టా అనే ప్రజాతి సంగతి. ఒకే శిలీంధ్రం ఆకుపచ్చ శైవలంతో జతకట్టినప్పుడు వెడల్పాటి ఆకులా, శైవలానికి బదులు సయనోబాక్టీరియాతో (ఎండతో ఆహారం చేసుకునే బాక్టీరియాతో) జతకట్టినప్పుడు చిన్న పొదలా పెరగగలదు. రెండు రూపాలూ ఒకే థాలస్‌పై అతుక్కుని కనిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. పొద రూపానికి ఒకప్పుడు డెండ్రిస్కోకాలన్ అని వేరే ప్రజాతి పేరే ఉండేది.

లైకెన్‌లో ఉండే రసాయనాలను చూసే పద్ధతికి దారి వేసినవాడు లైకెన్ పండితుడు విలియం నైలాండర్. 1866లో ఆయన ప్రవేశపెట్టిన రంగు పరీక్షలు నేటికీ వాడుకలో ఉన్నాయి. నార్‌స్టిక్టిక్ ఆమ్లం అనే లైకెన్ రసాయనం ఉన్న థాలస్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే ముందు పసుపు రంగు వస్తుంది, చూస్తుండగానే అది నెత్తుటి ఎరుపుకు తిరుగుతుంది, సూక్ష్మదర్శిని కింద ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తాయి. తరువాత వచ్చిన థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ (పలుచని పొర మీద రసాయనాలను విడదీసి చూసే పద్ధతి) ఈ పనిని మరింత కచ్చితం చేసింది. జాతిని గుర్తుపట్టడానికి ఇంత చవకైన, ఇంత వేగమైన సాధనం మరొకటి లేదనే నా అభిప్రాయం. కానీ చుట్టరికం చెప్పమంటే రసాయనం తడబడుతుంది. నియోఫుస్సేలియా అనే గోధుమరంగు లైకెన్లను ప్రధానంగా థాలస్ రంగునూ రసాయనాలనూ బట్టి వేరే ప్రజాతిగా ఉంచారు. అవి పసుపుపచ్చని జాంథోపార్మీలియా వంశంలోపలివేనని డీఎన్‌ఏ చెప్పడంతో 2004లో అందులో కలిపేశారు.

డీఎన్‌ఏ పద్ధతి నేరుగా శిలీంధ్రాన్నే ప్రశ్నిస్తుంది. ఇదే దాని బలం. లైకెన్ జీవితం శిలీంధ్రాల్లో ఒక్కసారి కాక కనీసం అయిదుసార్లు విడివిడిగా మొదలైందని 1995లో ఒక రైబోసోమ్ జన్యువు ఆధారంగానే తేలింది. 2012 నుంచి ఐటీఎస్ అనే చిన్న డీఎన్‌ఏ భాగాన్ని శిలీంధ్రాలన్నిటికీ బార్‌కోడ్‌గా, అంటే జాతిని పట్టిచ్చే గుర్తుగా, వాడుతున్నారు. ఒకే జాతిగా చెలామణి అయిన కోరా లైకెన్ నిజానికి 126 జాతుల గుంపని 2014లో వెలువడిన పరిశోధన తెలిపింది, అసలు సంఖ్య నాలుగు వందలు దాటవచ్చని అంచనా వేసింది. ఆ జాతుల్లో చాలావాటికి రూపంలోనూ తేడాలున్నాయి, కాకపోతే డీఎన్‌ఏ వేరు చేసి చూపాకే అవి కళ్లకు ఆనాయి.

అలాగని ఐటీఎస్ ఒక్కదానికే తీర్పు అప్పగించలేం. థాలస్ ముక్కను నూరితే అందులో కాపురమున్న ఇతర శిలీంధ్రాల డీఎన్‌ఏ కూడా వస్తుంది. పరాన్నజీవి డీఎన్‌ఏ వరుసను లైకెన్ శిలీంధ్రానిదిగా నమోదు చేసే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఈ మధ్యే విడిపోయిన జాతుల్లో ఒక జన్యువు చెప్పే కథ మరో జన్యువు చెప్పే కథతో కలవకపోవచ్చు. అందుకే ప్రజాతి, కుటుంబం స్థాయిలో మార్పులు చేయదలచినవారు ఆర్‌పీబీ1, ఎంసీఎం7 వంటి పలు జన్యువులనో, వీలైతే మొత్తం జీనోమ్‌నో చూడడమే మేలు. ఒకే జన్యువుతో గీసిన చెట్టును నమ్మి కొత్త ప్రజాతులు ప్రకటించడం తొందరపాటే. ఖర్చు, శ్రమ పెరుగుతాయి నిజమే, కానీ పెట్టిన పేరును మళ్లీ మళ్లీ మార్చడం అంతకంటే ఖరీదైన పని.

చుట్టరికం తేల్చడానికి పలు జన్యువులు, దాగిన జాతులను అనుమానించడానికి ఐటీఎస్, క్షేత్రంలో గుర్తుపట్టడానికి రూపమూ రంగు పరీక్షలూ అన్నది నా ఎంపిక. ఇక ఒకచోట డీఎన్‌ఏకు దారి దొరకడం కష్టం. నూట యాభై ఏళ్ల కిందటి ప్రామాణిక నమూనాలో (జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన నమూనాలో) డీఎన్‌ఏ చాలావరకు ముక్కలై ఉంటుంది, పేరు మాత్రం ఆ నమూనాకే కట్టుబడి ఉంటుంది. ఒక జాతి అయిదుగా విడిపోయినప్పుడు పాత పేరు వాటిలో దేనికి దక్కాలో తేల్చడానికి, ఆ ఎండిన ముక్కలోంచి సన్నని పొర కోసి, సిద్ధబీజాలను మళ్లీ కొలవవలసి వస్తుంది.