చెరువా, పొలమా?

శీతాకాలం పక్షులను చూడటానికి కొత్తగా బయల్దేరేవాళ్లకు చెరువే నయం. బాతులు నీళ్లమీద తీరిగ్గా ఉంటాయి కాబట్టి పోల్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. సూదితోక బాతు తల ముంచి, తోక నిటారుగా లేపి మేస్తుంది. బొల్లికోడి నీటిమీద పరుగెత్తిగానీ ఎగరదు. ఎండ మన వీపున పడేలా నిలబడాలి, లేకపోతే అన్నీ నల్లటి నీడలే. దూరం ఎక్కువైతే 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలదు, స్పాటింగ్ స్కోప్, అంటే స్టాండుమీద పెట్టి చూసే చిన్న దూరదర్శిని కావాలి.

పొలాల్లో బైనాక్యులర్ సరిపోతుంది గానీ ఓపిక కావాలి. భరతపక్షులు మట్టిరంగులో కలిసిపోయి, మనం దగ్గరికెళ్తే ఎగిరి లేచేదాకా కనిపించవు. అయినా నా ఓటు పొలానికే. కోసిన మళ్లమీద పిల్లిగద్ద రెక్కలు కాస్త పైకెత్తి, నేలను రాసుకుంటున్నట్టు తేలుతూ వస్తుంది. గుడ్లగూబ ముఖంలాంటి ఆ గుండ్రటి ముఖం గడ్డిలో ఎలుక అలికిడిని కూడా పట్టేస్తుంది. ఎంత చూసినా తనివి తీరదు!

పొద్దున్నే పొలాలకు వెళ్లండి, పైరు తొక్కకుండా గట్టుమీదే నడవండి. బాతులు పగలంతా చెరువులోనే ఉంటాయి, వాటిని తర్వాతైనా చూడొచ్చు.