జాగ్రత్త: ‘ట్యూనింగ్ అయిపోయిందండీ, నీడిల్ ముట్టుకోకండి’ అన్నాడంటే కొనకండి

మనందరికీ సెకండ్‌హ్యాండ్ మోడల్ విమానం ఇంజన్లు అంటగట్టే ఆయనే, పేరు రాయక్కర్లేదు. 46 సైజు (0.46 క్యూబిక్ అంగుళాల) గ్లో ఇంజన్, అదే మిథనాల్ ఫ్యూయల్‌తో నడిచేది, రెండు ట్యాంకులే తిరిగిందన్నాడు. 7,500 ముందే కొట్టాను. పంపిన వీడియో మొత్తం ఫుల్ థ్రాటిలే, ఐడిల్, అంటే థ్రాటిల్ తగ్గించి నెమ్మదిగా తిరగడం, ఎక్కడా లేదు. అక్కడే పట్టుకోవాల్సింది. బుర్ర ఏ రొయ్యల చెరువులో పారేశానో!

నీడిల్ (ఫుల్‌లో ఫ్యూయల్ ఎంత వెళ్ళాలో సరిచేసే స్క్రూ) నాలుగు తిప్పులు తెరిచి, పైన జిగురు చుక్క. ఇలాంటివాటికి రెండున్నర దగ్గర మొదలెడతాం. 11 బై 6 ప్రొపెల్లర్, ట్యాంకు మధ్యగీత నీడిల్ ఎత్తుకే, మఫ్లర్ ప్రెషర్ గొట్టం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫుల్‌లో చక్కగా అరుస్తుంది. తగ్గిస్తే ఊగిసలాడి ఆగిపోతుంది. ఐడిల్‌లో ఫ్యూయల్ గొట్టం నొక్కితే మూడు నాలుగు సెకన్లు తిరిగి, కాస్త వేగం పెరిగి అప్పుడు ఆగాలి. ఇది వేలు పెట్టగానే చచ్చింది, అంటే లీన్, గాలికి తగ్గ ఫ్యూయల్ లేదు. ఐడిల్ స్క్రూతో రిచ్ చేస్తే, అదే ఫ్యూయల్ పెంచితే, థ్రాటిల్ ఇవ్వగానే పొరబోయినట్టు ఆగింది. కార్బురేటర్ ఇంజన్‌లో కూర్చునే మెడ మీద రెండు చుక్కలు ఆయిల్ వేస్తే వేగం మారింది. గాలి లీకు!

విప్పితే, గాలి చొరబడకుండా ఆపే రబ్బరు ఓ-రింగు ఉండాల్సిన చోట ఎర్ర సిలికాన్. నూనె తుడవకుండానే పూసినట్టున్నాడు, ఎండుమిర్చి తొక్కలా గోటికే ఊడొచ్చింది. ఫుల్‌లో లోపలికెళ్ళే గాలే బోలెడు, ఈ లీకు ఆనదు, నీడిల్ ఇంకాస్త తెరిస్తే కప్పడిపోతుంది. ఐడిల్‌లో బ్యారెల్ (కార్బురేటర్‌లో గాలిదారి తెరిచి మూసే ముక్క) సందు మిల్లీమీటరు, అప్పుడు దొంగదారి గాలిదే పెత్తనం. అందుకే వీడియోలో ఐడిల్ లేదు, అందుకే జిగురు. అంతా తెలిసే చేశాడు.

ఫొటో పంపి ఫోన్ చేస్తే, “మీ గోదారి గాలి తేమండీ. ఇంజన్ తప్పేం లేదు. ముందు ట్యూనింగ్ నేర్చుకోండి” అని కట్ చేశాడు. అవునండీ, కోనసీమ తేమకి ఓ-రింగులు సిలికాన్‌గా మారిపోతాయి మరి! మిథనాల్ తేమ పీలుస్తుంది, నిజమే. ఆ మాట మూత సరిగా పెట్టని డబ్బాకి చెప్పాలి, అసలు లేని రింగుకి కాదు. ఇలస చేతిలో పెట్టి, పులస డబ్బులు పుచ్చుకుని, పైగా వండటం మనకే రాదంటాడు!

ఇది ఏబీసీ ఇంజన్, అంటే అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి గొట్టం. అలాంటిది చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొచ్చే చోట బిగువు తగలాలి. దీనికి ఆ బిగువే లేదు, లీన్‌లో కాలి కాలి అరిగిపోయింది. పది రూపాయల రింగుతో పోయేది.

కొనేవాళ్ళు ఐడిల్‌లో అర నిమిషం, దాదాపు 2,500 ఆర్‌పీఎం దగ్గర, అక్కణ్ణుంచి ఒక్కసారిగా ఫుల్‌కి తీసిన వీడియో అడగండి. కార్బురేటర్ ఊడదీసిన ఫొటో కూడా. ఎవరు ట్యూన్ చేసినా మీరు మళ్ళీ చేసుకోవాల్సిందే: ఫుల్‌లో పీక్ (అన్నిటికన్నా ఎక్కువ వేగం) పట్టి, 300-400 ఆర్‌పీఎం రిచ్ వైపు దింపి, విమానం ముక్కు పైకెత్తి పది సెకన్లు చూసి, ఆ తర్వాతే ఐడిల్. నీడిల్ మాత్రం ప్రొపెల్లర్ వెనక నుంచే తిప్పండి బాబూ.

ఆ సిలికాన్ తొక్క దాచే ఉంచాను. అడిగినవాళ్ళకి ఫొటో పెడతా.