ఒకే వాక్యంలో నలుగురు మనుషులు: ఆరేళ్లు వాడిన అభ్యాసంపై సమీక్ష

కొత్తగా నాటకం నేర్చుకునేవాళ్లకు గొంతుతో పాత్రను పట్టుకోవడం నేర్పడానికి ఆరేళ్లుగా మేం ముందు చేయించేది ఇదే. 'తలుపు తియ్యండి, నేనొచ్చాను.' ఈ ఒక్క వాక్యాన్నే వేర్వేరు పాత్రల్లా పలకాలి. వాక్యం మారదు. శ్రుతి, వేగం, విరామం, గొంతు పలికే చోటు (ఛాతీ, నోరు, ముక్కు) మారతాయి. తోలుబొమ్మలాటలో తెర వెనక ఒకే మనిషి రెండు మూడు బొమ్మలకు గొంతిచ్చేదీ వీటితోనే.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మారిస్తే పాత్ర రాదు, మిమిక్రీ వస్తుంది. బాకీ వసూలుకొచ్చినవాడైతే 'తియ్యండి' తర్వాత మనసులో మూడు లెక్కపెట్టి ఆగితే చాలు. గొంతు పెంచక్కర్లేదు, ఆ మౌనమే లోపలివాళ్లను బెదిరిస్తుంది. వానలో పరిగెత్తుకొచ్చిన కూతురికి విరామం మామూలుగానే ఉంచి, ఊపిరి సగం వదిలేశాక మొదలుపెట్టించండి. 'నేనొచ్చాను' దగ్గరికి వచ్చేసరికి గాలి అయిపోయి ఆయాసం దానంతటదే పలుకుతుంది.

చెడేది ఎక్కువగా వేగం దగ్గర. నెమ్మదిగా అనమంటే అచ్చుల్ని సాగదీస్తారు, 'కలం' కాస్తా 'కాలం' అయిపోతుంది. మాటల మధ్య ఎడం పెంచాలి గాని మాటను లాగకూడదు. ఇంకోటి, వాక్యం చివర మింగెయ్యడం. మన క్రియ ఉండేదే అక్కడ. 'డబ్బు ఇస్తాను', 'డబ్బు ఇవ్వను'... ఆఖరి మాట వినపడకపోతే ప్రేక్షకుడికి కథే పోయినట్టు. ఇరవై అడుగుల దూరంలో ఒకర్ని వీపు తిప్పి కూర్చోబెట్టి, విన్నది రాయమనండి. లోపం కాగితం మీద కనిపిస్తుంది.

ముసలి పాత్ర అనగానే గొంతు బిగించి గరగరలాడిస్తారు. పది నిమిషాల్లో బొంగురుపోతుంది. ఊపిరి చిన్నది చేసి, మాట మధ్యలో ఆపించండి, వయసు వచ్చేస్తుంది. అభ్యాసం మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు, సగం గ్లాసు నీళ్లలో స్ట్రా అంగుళం ముంచి 'ఊ' అనిపించాలి. బుడగలు ఆగి ఆగి వస్తే ఊపిరి సమంగా లేదన్నమాట.

నౌకరు పాత్రకు ఏదో ఒక జిల్లా యాస తగిలించడాన్ని మేం మొదటి రోజే ఆపేస్తాం. అది ఆ జిల్లా మనుషుల్ని అవమానించడం, పైగా నటుడికి పని తప్పించుకునే దారి.

పన్నెండు మంది దాటితే గంట చాలదు, ఒక్కొక్కరికి రెండు వంతులైనా రావు. పద్యనాటకానికి ఇది పనికిరాదు. అక్కడ హార్మోనియం శ్రుతి దాటే వీల్లేదు. వచన సంభాషణకే వాడండి.