స్కోఫీల్డ్ నోట్స్ మీద పెరిగినవాళ్లకు న్యూ ఆక్స్‌ఫర్డ్ ఆనొటేటెడ్ బైబిల్

1909లో అమెరికా బోధకుడు స్కోఫీల్డ్ రాసిన నోట్స్‌తో స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ వేసింది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్. 1962లో ఆక్స్‌ఫర్డ్ ఆనొటేటెడ్ బైబిల్ వేసిందీ అదే ప్రెస్. దేవుడు చరిత్రను ఏడు యుగాలుగా నడుపుతాడన్న లెక్క, సంఘం ఆకాశానికి ఎత్తబడటం, క్రీస్తుపూర్వం 4004లో సృష్టి, ఇవన్నీ వచనం పక్కనే అచ్చయి వచనమంత బలంగా జనం మనసులో నాటుకున్నాయంటే చాలావరకు మొదటిదాని వల్లే. వచనమేదో, నోట్ ఏదో మళ్లీ విడదీసి చూసుకోవాలంటే రెండోది కావాలి. ఈ సమీక్ష ఆ ఇంగ్లిష్ బైబిలు అయిదో ఎడిషన్ (2018, అపోక్రిఫాతో, అంటే ప్రొటెస్టెంట్ బైబిళ్లలో లేని అదనపు పుస్తకాలతో) గురించి.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. యుగాల లెక్క స్కోఫీల్డ్‌కు వచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు బోధకుడు డార్బీ నుంచి. డార్బీ ఉన్న బ్రదరెన్ ఉద్యమం నుంచే మిషనరీలు 1836లో మన దేశం వచ్చి నర్సాపురం, పాలకొల్లు వైపు పని మొదలుపెట్టారు. స్కోఫీల్డ్ పేరే వినని ఇళ్లలో కూడా ఆ లెక్క వినిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

నోట్ ఎంత పని చేయగలదో ఆదికాండము 9లో చూడండి. నోవహు శపించింది హామును కాదు, హాము కొడుకు కనానును. 1917 స్కోఫీల్డ్ నోట్ మాత్రం హాము సంతానమంతా తక్కువజాతి, దాస్యంలో ఉండేవాళ్లు అని చెప్పింది. ఆ 'తక్కువ' అన్న మాట పోవడానికి 1967 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. వచనంలో లేని మాట అన్నేళ్లు దేవుని మాటగా చెలామణి అయింది.

ఇక పుస్తకం సంగతి. రెండు వేల పైచిలుకు పేజీలు, పల్చటి కాగితం. జెల్ పెన్ను పెడితే వెనక పేజీకి దిగుతుంది కాబట్టి పెన్సిల్ వాడండి. ప్రతి పుస్తకం ముందు ఒక పరిచయం ఉంటుంది: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎలా చదవాలి. వచనం కింద నోట్స్, చివర వ్యాసాలు, మ్యాపులు. ఎడిటర్లలో యూదుడైన మార్క్ బ్రెట్లర్, క్యాథలిక్ అయిన ఫీమ్ పెర్కిన్స్ ఉన్నారు. ఒక శాఖ సిద్ధాంతాన్ని కాపాడే పూచీ నోట్స్‌కు లేదు. 1966లోనే దీని ఒక ఎడిషన్‌కు క్యాథలిక్ కార్డినల్ కుషింగ్ అనుమతి ముద్ర ఇచ్చారు. ఈ-బుక్ కంటే అచ్చు పుస్తకమే నయం. ఫోనులో వచనానికీ నోట్‌కూ మధ్య గెంతుతూ ఉంటే చదువు సాగదు.

కొన్నవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నేరుగా ఆదికాండము 1 తెరుస్తారు. రెండు సృష్టి కథలని, బబులోను కథలతో పోలికలని నోట్స్ చెబుతాయి. వాక్యంలో ఒక్క తప్పున్నా అంతా అబద్ధమేనని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కొందరు పుస్తకం మూసేస్తారు, కొందరు విశ్వాసమే వదిలేస్తారు. ఆదికాండము 1 నుంచి 11 వరకు చివరికి ఉంచండి.

మొదట 2 సమూయేలు 24:1, 1 దినవృత్తాంతములు 21:1 పక్కపక్కన పెట్టండి. మన పాత తెలుగు బైబిలు, అంటే బైబిల్ సొసైటీ వాళ్ల పరిశుద్ధ గ్రంథము, చేతిలో ఉండాలి. జనసంఖ్య లెక్కించమని దావీదును రేపింది మొదటి చోట యెహోవా, రెండో చోట సాతాను. తర్వాతి రచయిత పాత కథను తిరగరాశాడు. దీన్ని నోట్‌లో చదివేముందు తెలుగులో మీ కళ్లతో చూడాలి. అప్పుడు నోట్ దాడిలా అనిపించదు.

తర్వాత ద్వితీయోపదేశకాండము 23. మూడో వచనం: మోయాబీయులు పదో తరం దాకా సమాజంలో చేరకూడదు. ఎజ్రా 9, 10 అధ్యాయాల్లో అన్యస్త్రీలైన భార్యలను పంపేస్తారు. రూతు మోయాబీయురాలు, దావీదు తాత ఓబేదును కన్న తల్లి. ఇక 23:1 ప్రకారం నపుంసకుడికీ ప్రవేశం లేదు. యెషయా 56 దగ్గరికి వచ్చేసరికి నేను ఎండిన చెట్టునని షండుడు అనుకోవద్దంటుంది వాక్యం, నా మందిరము సమస్తజనులకు ప్రార్థన మందిరము అంటుంది. మార్కు 11:17లో యేసు ఎత్తుకున్నది ఆ మాటే. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్లు చూసి, బాప్తిస్మానికి ఆటంకమేమని అడుగుతాడు. ధర్మశాస్త్రం తెలిసినవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫిలిప్పు ఆ జవాబు చెప్పలేదు, నీళ్లలోకి దిగాడు. ద్వితీయోపదేశకాండము 23, యెషయా 56, అపొస్తలుల కార్యములు 8, ఈ మూడు చోట్ల నోట్స్, క్రాస్ రిఫరెన్సులు ఒకే బిగిన చదవండి. అందరినీ చేర్చుకోవాలన్న మాట బయటి లోకం నుంచి వచ్చి పడింది కాదని, బైబిలు లోపలే సాగిన వాదమని తేటగా కనబడుతుంది. ఈ ఒక్క వరస కోసమే కొన్నా డబ్బు దండగ కాదు.

స్త్రీల ప్రశ్నకు 1 కొరింథీయులకు 14 తెరవండి. స్త్రీలు మౌనంగా ఉండాలన్న భాగాన్ని ఇందులో బ్రాకెట్లలో వేశారు. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 34, 35 వచనాలు నలభయ్యో వచనం తర్వాత ఉన్నాయి. అదే పత్రిక 11:5లో స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం మామూలు సంగతిగా ఉంది. రోమీయులకు 16:7లో 1952 నాటి ఆర్‌ఎస్‌వీ (రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్) ఇంగ్లిష్ అనువాదం 'యూనియాస్' అని మగపేరు పెడితే, ఈ ఎడిషన్ పాఠం 'యూనియా' అని స్త్రీగా చదివి అపొస్తలుల్లో ప్రముఖురాలంటుంది. సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పుష్పలలిత తొలి మహిళా బిషప్‌గా నంద్యాలకు వచ్చింది 2013లో. ఈ వచనాల మీద సంఘాలు ఎక్కడెక్కడ ఆగి ఉన్నాయో ఆ సంవత్సరం చూస్తే తెలుస్తుంది.

1 కొరింథీయులకు 6:9 దగ్గర జాగ్రత్త. గ్రీకులో రెండు మాటలు, మన పాత తెలుగులోనూ రెండే: ఆడంగితనము గలవారు, పురుషసంయోగులు. 1946లో ఆర్‌ఎస్‌వీ కొత్త నిబంధన ఆ రెంటినీ కలిపి హోమోసెక్సువల్స్ అంది. ఈ ఎడిషన్ మళ్లీ రెండుగా విడదీసింది. అయితే ఇందులో ఉన్నది 1989 నాటి ఎన్‌ఆర్‌ఎస్‌వీ (ఆర్‌ఎస్‌వీకి కొత్త రూపం) పాఠం, 2021 సవరణ కాదు. రెండో మాటను ఆ సవరణ మార్చింది, కాబట్టి ఈ వచనానికి దాన్ని కూడా చూడాలి.

లోట్లు చిన్నవి కావు. నోట్స్ పొడిగా, క్లుప్తంగా ఉంటాయి, పై అధ్యాయం నోట్ చూడమని పంపేవి ఎక్కువ. కులం గురించి తెలుగు క్రైస్తవులు అడగాల్సిన ప్రశ్నలకు ఇందులో చోటు లేదు, మన సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాల వాళ్లయినా. ప్రార్థనకు ఇది ఏమీ ఇవ్వదు. పొద్దున్నే కీర్తన చదువుకోవడానికి పాత తెలుగు బైబిలునే ఉంచుకోండి. ఆ భాషను వదులుకోవాల్సిన పని లేదు.

ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ పుస్తకాన్ని బల్ల మీద పెట్టకండి. ఇంగ్లిష్ నోట్ చూపిస్తే లోకజ్ఞానమని తోసేస్తారు, మాట అక్కడితో ఆగిపోతుంది. తెలుగు బైబిల్లో యెషయా 56 తీసి, మొదటి ఎనిమిది వచనాలు వాళ్లనే పైకి చదవమనండి.